మావి ఏటి చేపలు కావు

సముద్రంలో పట్టిన చేపను ఉప్పేసి ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ల సంఘాన్ని, ఏటి చేపలు అమ్మేవాళ్లని ఇంటర్నెట్టులో రాసిపెట్టారు. రాసినవాళ్లకు అది తప్పని తెలియలేదు. తెలియజేసిన తర్వాత కూడా దిద్దలేదు. దిద్దమని నేను అడిగిన ప్రతిసారీ, అడిగినందుకు ధన్యవాదాలు మాత్రం చెప్పారు.

నేను నరసన్నపేటలో ఒక కిరాణా కొట్టు గుమస్తాగా బతుకంతా గడిపినవాణ్ని. చదువు బడిలో అబ్బలేదు. ఎక్కణ్ణుంచో బదిలీ మీద వచ్చిన పంతులొకాయన చెట్టు బొమ్మ చూపించి ఇదేమిట్రా అంటే "సెట్టు" అన్నాను. బెత్తంతో ఒకటిచ్చి మళ్లీ అడిగాడు. మళ్లీ సెట్టే వచ్చింది. ఆ బొమ్మకు ఆకులెన్ని ఉన్నాయో అన్ని దెబ్బలు తిన్నానని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. మా నాన్న నన్ను బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. నేను చదువుకున్నదంతా అక్కడే, పొట్లాలు కట్టే కాగితాల మీద. సగం కథలు, సగం కోర్టు తీర్పులు, మొదలు లేని వైద్య సలహాలు. ధనియాలు కట్టే లోపల చదివేయాలి, లేకపోతే కథ కొన్నవాడి సంచిలో వెళ్లిపోతుంది. అలా నా చేతికి చ రాయడం వచ్చింది. నోరు మాత్రం ఇప్పటికీ స అనే అంటుంది. వాటి రెంటికీ ఏనాడూ తగువు లేదు. తగువంతా వినేవాళ్లతోనే.

ముసలితనంలో కొట్టు మానేశాక పక్క సందులో నెట్ సెంటరు నడిపే ఆవిడ దగ్గర కూర్చుని కంప్యూటరు కూడా అలాగే నేర్చుకున్నాను. ఆవిడ కరెంటు బిల్లులు, హాల్ టిక్కెట్లు తీసి ఇస్తూ ఉంటే పక్క కుర్చీలోంచి చూసేవాణ్ని. కొన్నాళ్లకు తెలుగులో టైపు కొట్టేవాణ్నయ్యాను. నెమ్మదిగానే, ఒక్క వేలితోనే. కోపం వచ్చినప్పుడు రెండు వేళ్లు.

ఇక ఆ చేపల సంఘం సంగతి. భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు. ఎండుచేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతరోజున మా పేటకు వచ్చేవారు. మా కొట్టు అరుగు మీద కాసేపు కూలబడి, మంచినీళ్లు తాగి, చింతపండు కొనుక్కుని వెళ్లేవారు. మాది చేప తినని ఇల్లు. అందుకని నన్ను ఏడిపించడం వాళ్లకు సరదా. "గుమస్తా బావూ, తినకపోతే మానె, వాసన సూసి ఎలాగున్నాదో సెప్పు" అనేవారు. నేను ముక్కు మూసుకుంటే నవ్వేవారు.

నవ్వని సంగతి ఒకటుంది, బస్సు. ఎండుచేపల బుట్ట చూస్తే కండక్టరు గంట కొట్టేసేవాడు. ఎక్కినా, ఎవరో ఒకరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దింపేయమనేవారు. ఆ బస్సులో సగం మంది ఇళ్లలో ఆ పూట కూర అదే. వండాక కమ్మని వాసన, బుట్టలో ఉంటే కంపు. సంఘానికి పెద్దగా ఉన్న ఆమెను ఒకసారి టెక్కలి దాటాక నడిరోడ్డు మీద దింపేశారు. మోకాళ్ల నొప్పులామె. బుట్ట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి నడిచి మా అరుగు మీదకొచ్చి చేరింది. ఆ రోజు ఆమె ఒక్క మాటే అంది: "సేప మాకు బరువు గాదు బావూ. దిగు అనే మాటే బరువు."

నాకు అప్పట్నుంచీ ఒకటే ధ్యాస. కొనేవాళ్లే బండి వేసుకుని వీళ్ల ఊరికి రావాలి, వీళ్లు బస్సెక్కకూడదు. రాష్ట్రం విడిపోయిన రెండు మూడేళ్లకు అందుకు దారి కనబడింది. మహిళా సంఘాలకు ఇంటర్నెట్టులో ఉచితంగా పేజీలు పెట్టి ఇచ్చే సంస్థ ఒకటి మన వైపుకు వచ్చిందని నెట్ సెంటరు ఆవిడ చెప్పింది. ఫొటో, సరుకు పేరు, ఫోన్ నంబరు పెడతారట. ఎక్కడివాళ్లయినా చూసి ఫోన్ చేస్తారట. నేను వెంటనే బస్సెక్కి, టెక్కలిలో దిగి ఆటో పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లి కూర్చున్నాను. సంఘం పెద్ద ముందు నమ్మలేదు.

"ఫోన్లో సూసి సేప కొంటారేటి? వాసన తెలీదు గదా!"

"వాసన తెలియకపోవడమే మంచిదమ్మా" అన్నాను.

దానికి ఆమె మొగుడు, వల బాగుచేసుకుంటున్నవాడు, ఎంత నవ్వాడంటే చేతిలో సూది జారిపోయింది. అలా ఒప్పుకున్నారు. ఉన్నవాటిలో మంచి ఫోను ఆమె కోడలిది. కొడుకు కొనిచ్చాడు. దాన్ని అత్తకిచ్చి, ఆ నంబరే సంఘం నంబరుగా పెట్టుకున్నారు.

పేజీ పెట్టడానికి వచ్చినతను పట్నం కుర్రాడు, మర్యాదస్తుడే. తాటాకు పందిట్లో కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సముద్రపు గాలి హోరు. నేను బయట ఆరబెట్టిన నెత్తళ్లనే చిన్నచేపల దగ్గర నిలబడి, అతని వెంట వచ్చిన ఫొటో తీసేవాడికి కాకులు అడ్డం రాకుండా తోలుతున్నాను. లోపల జరిగింది తర్వాత కోడలు చెప్పింది.

అతను అడిగాడట: "మీ ఉత్పత్తి పేరు?"

గాలి హోరులో సంఘం పెద్దకు వినబడలేదు. "ఏటి?" అంది.

ఏమిటి అనడానికి మేము ఏటి అంటాం. శ్రీకాకుళంలో పుట్టిన పిల్లాడు అమ్మ అన్న తర్వాత నేర్చే మాట అదే. అతను మాత్రం ఆ మాటను కంప్యూటరులో కొట్టుకుని, మళ్లీ అడిగాడట: "అంటే, మీరు అమ్మేది?"

"సేపలు" అంది ఆమె.

అతను తలూపి అదీ కొట్టాడు. సే అని రాస్తే తప్పని, జాగ్రత్తగా దిద్ది మరీ కొట్టాడు. దిద్దనవసరం లేనిదాన్ని దిద్దాడు, దిద్దవలసినదాన్ని వదిలేశాడు. ఏటి చేపలు.

మాకు ఈ సంగతి తెలిసింది మొదటి ఫోన్ వచ్చినప్పుడు. విజయనగరంలో మెస్సు నడుపుకునే ఒకాయన చేశాడు. ఆయనది గుంటూరు వైపట. సంఘం పెద్ద ఫోనెత్తింది. ఆ సంభాషణ వాళ్ల ఊళ్లో ఇప్పటికీ ఇద్దరు నిలబడి నాటకంలా ఆడి చూపిస్తారు. నేను అలాగే రాస్తాను.

"హలో, ఏటి చేపలున్నాయాండీ?" అన్నాడు ఆయన.

"ఉన్నాయి బావూ. ఏటి సేపలు కావాల?" అంది ఈమె.

"అవునమ్మా, ఏటి చేపలే కావాలి."

"అదే అడుగుతన్నాను. ఏటి సేపలు?"

"ఏటి చేపలేనమ్మా!"

"నానడిగిందే నువ్వూ అడుగుతావేటి? నెత్తళ్లా, కవళ్లా, కానగంతలా?"

"అవన్నీ సముద్రానివి కదమ్మా. మీ దగ్గర ఉన్నవి చెప్పండి."

"ఏటి?"

"అదే, ఏటివి!"

"పొద్దున్నే తాగీసినావేటి?" అని ఈమె ఫోను పెట్టేసింది.

ఆయన ఊరుకోలేదు. మళ్లీ చేశాడు. ఈసారి కోడలు ఎత్తింది. పేజీ మీద మీరే రాసుకుని నన్ను తాగుబోతంటారా అని ఆయన లేచాడు. కోడలు పదో తరగతి వరకు చదువుకుంది. పేజీ తెరిచి చూసి అత్తకు చదివి వినిపించింది, నాకు ఫోన్ చేసింది. నేను నెట్ సెంటరుకు పరుగెత్తాను. నేను కాకులు తోలగా తీసిన నెత్తళ్ల ఫొటో కింద ఎంతేసి అక్షరాలతో ఉంది: ఏటి చేపలు.

మిగతా ఊళ్లవాళ్లు నవ్వుకుని ఊరుకునే సంగతే ఇది. కాని సముద్రం మీద బతికేవాళ్లకు ఏరంటే వెనక్కి తిరిగి చూసేది కూడా కాదు. ఊళ్లో మగవాళ్లు మొదలెట్టారు. "ఏటొదినా, వంశధారలో గేలం ఎప్పుడేస్తన్నావు?" అని ఒకడు. "తెప్పలమ్మీసి గేలాలు కొనుక్కుందాంరా" అని ఇంకొకడు. ఏటి ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చిన ఆమె ఆడపడుచు పని గట్టుకుని ఫోన్ చేసి, "మా ఏరు మీరెప్పుడు కొనీసినారే?" అంది. సొంత మొగుడు కూడా అన్నం దగ్గర కంచంలోకి చూసి, "ఇది ఏటి కూర?" అన్నాడట. ఏమి కూర అనే అడిగానని ఒట్టు పెట్టుకుంటాడు. ఆమె నమ్మలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఫోనును తువ్వాలులో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున కట్టుకుంది. "ఆ పేరులోంచి ఏరు పోయినాకే నాను ఆ ఫోను ముడతాను" అంది. అని ఊరుకోలేదు, మర్నాడు సంతకు బుట్ట ఎత్తుకుని మళ్లీ బస్సెక్కింది. అదే నన్ను కాల్చింది. ఆ మోకాళ్లతో, ఆ బస్సులో. పేజీ ఉండి కూడా.

నేను ఆ సంస్థకు మెయిలు రాశాను. పొట్లం కాగితాల మీద చదివిన తీర్పుల భాషంతా అందులో పెట్టాను. రెండు వేళ్లతో కొట్టాను. వెంటనే జవాబు వచ్చింది: "మీ అభ్యర్థన స్వీకరించబడినది. ధన్యవాదములు." వారం పోయాక ఇంకోటి రాశాను. అదే జవాబు. మూడోసారి ఒక్క ముక్క మాత్రమే రాశాను: "మీరు మనుషులేనా?" దానికీ అభ్యర్థన స్వీకరించబడింది.

ఫోన్ నంబరు పట్టి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కాను. చాలాసేపు పాట విన్నాక ఒక అబ్బాయి మాట్లాడాడు. నేను మొత్తం చెప్పాను. అతను ఓపిగ్గానే విని, "తప్పేముందండీ, ఏటి చేపలంటే ఇంకా గిరాకీ కదా?" అన్నాడు.

"అవి ఏటివి కావయ్యా!"

"మరి ఏమి చేపలండీ?"

"అదే కదయ్యా ఏటి అంటే!"

ఇక అతను మేనేజరుగారికి చెబుతానన్నాడు. మేనేజరు చెప్పించినదేమిటంటే, పేరు మార్చాలంటే సంఘం నాయకురాలే, తన నంబరు నుంచే అడగాలి, నేను సంఘంలో సభ్యుణ్ని కాను. అదీ నిజమే. నాకు మీసాలున్నాయి. పైగా ఇంకో మాట: చాలాకాలంగా పిలుపులు అందుకోని పేజీలను ఈ నెలాఖరుకు తీసేస్తున్నారట.

ముడి ఎంత గట్టిగా పడిందో చూడండి. పేరు మారితే గాని ఆమె ఫోను ముట్టదు. ఆమె ఫోను ముడితే గాని పేరు మారదు. నెలాఖరుకు పేజీ పోతుంది. పేజీ పోతే ఇంక జీవితాంతం ఆ బస్సే, దిగు అనే ఆ మాటే.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. దారి పొడుగునా నౌపడ ఉప్పు మళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. నాకు మాత్రం అందం చూసే ఓపిక లేదు. ఆమెకు చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంటున్నాను. తీరా వెళ్లాక ఆమె ఒక్కటీ చెప్పనివ్వలేదు. కొబ్బరి బొండాం కొట్టించి చేతిలో పెట్టింది. ఎండబెట్టిన కవళ్లను తిరగేస్తూనే విన్నది.

"నాను ముట్టనంటే ముట్టను. మాటన్నాను" అంది.

"మాట కోసం బస్సెక్కుతావా?"

"ఎక్కుతాను. దిగుతాను. నీకేటి?"

"నాకేటా? ఒక్క వేలితో అన్ని మెయిళ్లు కొట్టాను!"

"కొట్టమని నానన్నానా?"

మొగుడు వల పక్కన పెట్టాడు. "ఒసే, ముట్టనన్నావు గానీ మాటాడనన్నావా?" అన్నాడు.

ఆమె చేతిలో కవళ్లు పట్టుకుని ఆలోచించింది. "అననేదు" అంది చివరికి.

తాళంచెవి కొంగున విప్పి కోడలికి విసిరింది. కోడలు పెట్టె తీసి ఫోను తెచ్చి, ఛార్జింగు పెట్టి, అత్తకు మూర దూరంలో పట్టుకుంది. నేను మధ్యలో దూరి, ముందు నేను ఒక కాగితం మీద పద్ధతిగా రాసిస్తాను, అది చూసి కోడలు చదివితే బాగుంటుందన్నాను.

"నీ రాత వొద్దు బావూ. ఇన్నాళ్లూ ఎల్లింది నీ రాతే గదా" అంది ఆమె.

నాకు నిజంగా కోపం వచ్చింది. అయినా తీసిన కలం మళ్లీ జేబులో పెట్టేశాను. కోడలు "అత్తా, మాటాడు" అని ఫోనులో మాట రికార్డు చేసే గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది. ఆమె కొంగు సర్దుకుంది, సంతలో బుట్ట దింపాక కేక వేసే గొంతు సవరించింది.

"బావూ, ఎవలో గానీ ఇనుకో. నాను సంఘం పెద్దని మాటాడతన్నాను. మాది సంద్రం. మా మావది సంద్రం, మా మావ బాబుదీ సంద్రం. మావి ఏటి సేపలు గావు. ఆ పొద్దు మీ అబ్బాయి ఏటడిగినాడో గాలికి నాకినబళ్లేదు. ఏటి అన్నాను. ఏటి అంటే ఏరు రాసీడమేటి? ఏటంటే ఏరేటి? ఏటంటే ఏటి! మీ అమ్మ పిలిస్తే నువ్వేటంటావు? ఏటే అంటావు గదా. అప్పుడు మీ అమ్మ ఏట్లో దూకీసిందా? ఆ ఏరు తీసీయండి. మాకు బస్సులో సోటు నేదు, మీ దాన్లో అయినా మా పేరుతో మమ్మల్ని కూకోనీయండి. తీసీసి, ఏటి తీసినారో సెప్పండి. ఉంటాను."

కోడలు వేలు తీసింది. అప్పుడు మొగుడు నెమ్మదిగా అన్నాడు: "ఇది ఇన్నోడెవుడో గానీ, ఆడు మాత్రం ఏట్లో దూకుతాడే."

ఆమెకు కూడా నవ్వొచ్చేసింది. ఎన్నాళ్ల తర్వాతో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కవళ్ల మీద కూర్చుండిపోయి నవ్వింది. నేను బొండాం తాగాను. సముద్రం మీంచి గాలి చల్లగా తగిలింది. జవాబు రాకపోయినా ఈ పూట ఇలా గడిచింది చాలులే అనుకున్నాను. కాని పైకి అనలేదు. అంటే వీడు ఇంక పోరాడడని వాళ్లనుకుంటారు.

ఆ మాటను ఆమె నంబరు నుంచే సంస్థకు పంపించాం. జవాబు నా మెయిలుకు పంపమన్నాం, ఆమె ఫోను ముట్టదు కనుక. రోజూ నెట్ సెంటరుకు వెళ్లేవాణ్ని. ఆవిడ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేది. అభ్యర్థన స్వీకరించబడినది అనేది కూడా రాలేదు. నెలాఖరు దగ్గరపడింది. నేను పెద్ద మెయిలొకటి మొదలెట్టాను, ఢిల్లీ వరకు వెళ్లేలాంటిది. "ఆర్యా" అని కొట్టి, తర్వాతి మాటకు వెతుక్కుంటూ ఉంటే తెర మీద ఒక మూల చిన్న చప్పుడైంది.

చదివాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నెట్ సెంటరు ఆవిడ వంగి చదివి, అక్కడున్న హాల్ టిక్కెట్ల పిల్లలందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నేను ఆ మెయిలును కాగితం మీద తీయించుకుని, తర్వాతి బస్సెక్కాను. పందిట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. సంఘం పెద్ద రెండుసార్లు చదివించుకుంది. తర్వాత లోపలికి వెళ్లి, పెట్టెలోంచి ఫోను తీసి, తువ్వాలు విప్పి, చేత్తో ముట్టుకుంది. ముందుగా విజయనగరం మెస్సాయనకు చేసి, ఆ రోజన్న మాటకు ఏమనుకోవద్దంది. మాటల్లో మళ్లీ "ఏటి సేపలు కావాల?" అనే అంది. ఆయన ఈసారి నెత్తళ్లన్నాడు. ఆయన వ్యాను ఇప్పుడు ఊళ్లోకే వస్తుంది. సంతకు కూడా ఆ వ్యానులోనే, ముందు సీట్లో కూర్చుని వస్తుంది ఆమె. దిగమనేవాడు లేడు. మా పాత అరుగు దగ్గర తనే ఆపించి దిగి, నాకు వాసన చూపించి పోతుంది.

ఆ సంస్థలో రాసిన మనిషి ఎవరో, ఆడో మగో కూడా నాకు తెలియదు. కింద పేరు పెట్టలేదు. నాకు అంతకుముందు వచ్చిన ధన్యవాదాలన్నీ పారేశాను గాని ఈ కాగితం ఉంచుకున్నాను. అందులో ఉన్నది ఇంతే:

"అయ్యా, మీ సంఘం అమ్మగారి మాట ఇక్కడ అందరికీ పెట్టి ఇనిపించినాను. మాదీ వంశధార ఒడ్డేనండి, ఇక్కడ నా ముందు కూకున్నోల్లకి మన మాట తెలీదు. ఏరు తీసేసినాను. సంద్రం పెట్టినాను. ఇంకేటి?"